క్లోమం ఆపరేషన్ అయి పద్నాలుగు నెలలు: స్కాన్‌లో ఏమీ లేదు, సీఏ 19-9 మాత్రం పెరుగుతోంది

బత్తాయితోట
మాది నల్లగొండ. మా బాపుకు అరవై నాలుగేళ్లు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. నిరుడు కళ్లు పచ్చబడితే ఊళ్లో అందరూ పసిరికలే అన్నారు, మూడు వారాలు పసరు పోయించాము. ఒళ్లంతా దురద పెట్టి రాత్రిళ్లు గోడకు వీపు రాసుకోవడం చూశాక గానీ హైదరాబాదు తీసుకుపోలేదు. క్లోమం తల భాగంలో గడ్డ అని తేలింది. పైత్యం దిగడానికి స్టెంట్ గొట్టం వేసి, కామెర్లు దిగాక విపుల్ ఆపరేషన్ (క్లోమం తలను, దానికి ఆనుకున్న పేగు, పైత్యనాళం భాగాలతో కలిపి తీసేయడం) చేశారు. అంచులు శుభ్రంగా ఉన్నాయనీ, తీసిన పదహారు లింఫు గ్రంథుల్లో రెండింటిలో క్యాన్సర్ కణాలు ఉన్నాయనీ రిపోర్టులో రాశారు. ఆ తరువాత ఫోల్ఫిరినాక్స్ కీమో పన్నెండు సైకిళ్లు అనుకున్నది, వేళ్ల తిమ్మిర్లు తట్టుకోలేక పదికే ఆపారు.
కీమో ముగిసినప్పుడు సీఏ 19-9 (రక్తంలో ఈ క్యాన్సర్ జాడ చూపే మార్కర్) విలువ 24. మూడు నెలలకు 61. పోయిన వారం 138. సీటీ స్కాన్‌లో మాత్రం ఏమీ లేదన్నారు. ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి మళ్లీ పరీక్షలు చేద్దామని డాక్టరు గారు చెప్పి పంపించారు. జబ్బు పెరుగుతోందని రక్తం చెబుతుంటే చేతులు కట్టుకుని ఎలా కూర్చోవాలో నాకు అర్థం కావడం లేదు. మా చిన్నాయన అయితే "కత్తి తగిలితే ఆ రోగం పాకుతది, నేను అప్పుడే జెప్పిన" అని రోజూ ఫోన్ చేస్తున్నారు. ఇలాంటి స్థితి దాటినవారు ఎవరైనా ఉంటే చెప్పగలరు.

పిల్లలమర్రి_నీడ
మా అమ్మకు సరిగ్గా ఇదే జరిగింది. మాది మహబూబ్‌నగర్. ఆపరేషన్ తరువాత ఆమెకు వయసు రీత్యా జెమ్‌సిటాబిన్ అనే కీమో మందు ఒక్కటే ఇచ్చారు. కీమో అయిన అయిదో నెలలో మార్కర్ లేవడం మొదలైంది, స్కాన్‌లో లివర్ మీద మచ్చలు కనపడేసరికి ఇంకో పదకొండు వారాలు పట్టింది. ఆ పదకొండు వారాల్లో నేను నిద్రపోయిన రాత్రులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు, అమ్మ మాత్రం ఆ రోజుల్లోనే మా చెల్లె కూతురు చెవులు కుట్టించింది, కురుమూర్తి జాతరకు పోయి వచ్చింది. ఆ తరువాత ఆమెకు అంత ఓపిక మళ్లీ రాలేదు. ఆగమన్న మాటకు అర్థం ఏమీ చేయవద్దని కాదు తమ్ముడూ.

కందిచేను
నేను ఒప్పుకోను. మార్కర్ రెండు సార్లు రెట్టింపైతే అది తిరగబెట్టినట్టే. కలుపు మోకాలెత్తు పెరిగాక పీకుదామనే రైతు ఉంటాడా? ఇంకో ఆసుపత్రికి వెళ్లండి, పెట్ స్కాన్ చేయించండి, కీమో మొదలుపెట్టించండి. మా బావ విషయంలో ఇట్లాగే ఆగి ఆగి చెడిపోయాము.

నైట్‌డ్యూటీ_సిస్టర్
క్యాన్సర్ వార్డులో తొమ్మిదేళ్లుగా పని చేస్తున్నాను. డాక్టరును కాను, కాబట్టి నా మాటను మీ డాక్టరు గారి దగ్గర ప్రశ్నగా వాడుకోండి, జవాబుగా కాదు.
ముందు మూడు సంగతులు చూడండి. ఈ మూడు పరీక్షలూ ఒకే ల్యాబులో చేయించారా? సీఏ 19-9 ను ఒక్కో ల్యాబు ఒక్కో పద్ధతిలో కొలుస్తుంది, అందువల్ల నల్లగొండ అంకెను హైదరాబాదు అంకె పక్కన పెట్టి పోల్చలేము. రెండవది, కామెర్లను, పైత్యనాళం అడ్డును చూపే రక్త పరీక్షలు బిలిరుబిన్, ఆల్కలైన్ ఫాస్ఫటేస్ ఎలా ఉన్నాయి? విపుల్ ఆపరేషన్‌లో పైత్యనాళాన్ని పేగుకు కలిపి కుడతారు. ఆ అతుకు దగ్గర దారి సన్నబడినా, అక్కడ ఇన్‌ఫెక్షన్ వచ్చినా ఈ మార్కర్ పెరుగుతుంది, అది క్యాన్సర్ కాకపోవచ్చు. మూడవది షుగర్. అది అదుపు తప్పినా ఈ అంకె కొంత లేస్తుంది.
మామూలుగా 37 లోపు ఉండాలంటారు. రక్తంలో లూయిస్ అనే గుర్తు లేనివారికి, అంటే నూటికి అయిదు నుంచి పది మందికి, జబ్బు ఉన్నా ఈ అంకె పెరగదు. మీ బాపుకు ఆపరేషన్‌కు ముందు ఎంత ఉండేదో కూడా చూసుకోండి.
ఒకటి మాత్రం ఆగకూడదు. చలి వణుకుతో జ్వరం వచ్చినా, కళ్లు మళ్లీ పచ్చబడినా, అపాయింట్‌మెంటు తేదీ కోసం చూడకుండా ఆ పూటే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

మూసీ_గట్టు
పెట్ స్కాన్ గురించి ఒక మాట. చక్కెరను ఎక్కువగా పీల్చుకునే కణాలు అందులో వెలిగి కనపడతాయి. సెంటీమీటరు కంటే చిన్నవి అందులోనూ తప్పిపోవచ్చు, ఆపరేషన్ చేసిన చోట మానుతున్న వాపు కూడా అందులో వెలగవచ్చు. మేము మూడు నెలల్లో రెండు సార్లు చేయించాము, రెండు సార్లూ "అనుమానం, మళ్లీ చూడాలి" అనే రాశారు.

బత్తాయితోట
సిస్టర్ గారు, మీరు అడిగినవి వెతికి చూశాను. 24, 61 రెండూ మా ఊరి ల్యాబువి, 138 హైదరాబాదులో చేసినది. నాకు ఆ ఆలోచనే రాలేదు. బిలిరుబిన్ మామూలుగానే ఉంది. షుగర్ మాత్రం తిన్న తరువాత 260 దాటుతోంది. ఆపరేషన్‌కు ముందు, కామెర్లు ఉన్నప్పుడు సీఏ 19-9 విలువ 900 పైచిలుకు.

నైట్‌డ్యూటీ_సిస్టర్
అయితే ఇక నుంచి హైదరాబాదు ల్యాబులోనే చేయించండి, ఇన్సులిన్ మోతాదు సరిచేయించుకోండి. అంకె పెరిగిన మాట నిజమే అయి ఉండవచ్చు. కందిచేను గారి అనుమానాన్ని నేను కొట్టిపారేయడం లేదు. చాలా మందిలో స్కాన్ కంటే కొన్ని నెలల ముందే మార్కర్ చెబుతుంది. కానీ స్కాన్‌లో ఏమీ కనపడకుండా, మార్కర్ ఒక్కదాన్నే నమ్మి కీమో మొదలుపెడితే ఆయుష్షు పెరుగుతుందని ఇంతవరకు గట్టి రుజువు లేదు. కీమో బాధలు మాత్రం మొదటి రోజు నుంచే ఉంటాయి. పైగా మందు పని చేస్తోందో లేదో చూడడానికి స్కాన్‌లో కొలవగలిగినది ఏదో ఒకటి ఉండాలి కదా.

పాలమూరు_ఐటీ
భయపెట్టాలని కాదు, లెక్క తెలుసుకోవాలని అడుగుతున్నాను. ఆపరేషన్ పూర్తిగా బాగా జరిగినా పది మందిలో ఏడెనిమిది మందికి ఇది తిరగబెడుతుందనీ, అందులోనూ ఎక్కువగా మొదటి రెండేళ్లలోనే అనీ చదివాను. నిజమేనా?

నైట్‌డ్యూటీ_సిస్టర్
నిజమే. 2018లో ఫ్రాన్స్, కెనడా ఆసుపత్రులు కలిసి 493 మంది మీద చేసిన పరిశీలన ఒకటి వెలువడింది. ఆపరేషన్ అయినవారిలో సగం మందికి మార్పు చేసిన ఫోల్ఫిరినాక్స్‌తో 21.6 నెలల వరకు, జెమ్‌సిటాబిన్‌తో 12.8 నెలల వరకు జబ్బు తిరిగి రాలేదు. సగం మంది దాటిన బతుకు కాలం 35 నెలల నుంచి 54.4 నెలలకు పెరిగింది. అంటే మంచి మందు తీసుకున్నా సగం మందికి రెండేళ్ల లోపే తిరగబెట్టింది. బత్తాయితోట గారు, మీరు పది సైకిళ్లకే ఆపినందువల్ల ఇలా అయిందని మనసులో పెట్టుకోకండి. ఆ పరిశీలనలోనూ పన్నెండూ పూర్తి చేయలేనివారు చాలా మందే ఉన్నారు.

బత్తాయితోట
అదే మనసులో పెట్టుకున్నాను. పదకొండో సైకిల్‌కు నేనే "చాలు బాపూ" అన్నాను. ఆ కీమోలోని ఆక్సాలిప్లాటిన్ మందు ఎక్కించాక ఆయన కుండలో నీళ్లు కూడా తాకలేకపోయేవారు, చన్నీళ్లు వేళ్లకు తగిలితే కరెంటు కొట్టినట్టు ఉండేదట. మందును నలభై ఆరు గంటలు మెల్లగా ఎక్కించే పంపును చేతి సంచిలో పెట్టుకుని బస్సులో నల్లగొండకు వస్తుంటే, ఆ సంచిని ఒళ్లో ఎట్లా పట్టుకునేవారంటే, పాత రోజుల్లో టికెట్ల డబ్బుల సంచిని పట్టుకున్నట్టే.

దేవరకొండ_రోడ్డు
కండక్టరు బాపు గనుక సంచి భద్రంగానే ఉండి ఉంటుంది. చిల్లర మాత్రం ఇచ్చి ఉండరు.

బత్తాయితోట
చిల్లర విషయంలో మా ఊరివాళ్లు ఇప్పటికీ ఆయనను క్షమించలేదు.

కందిచేను
కీమో తొందర గురించి సిస్టర్ గారితో పూర్తిగా ఏకీభవించను గానీ, ఆ చిన్నాయన మాటకు మాత్రం జవాబు చెప్పాలి. కత్తి తగలడం వల్ల పాకదు. మీరెప్పుడైనా తుంగ పెరిగిన మడి చూశారా? పైన గడ్డి కోస్తారు, మడి శుభ్రంగా కనపడుతుంది. మట్టిలో గోళీకాయంత గడ్డలు అప్పటికే దూరం దూరం పాకి ఉంటాయి. కొడవలి వాటిని పంపలేదు, కొడవలి కంటే ముందే అవి అక్కడ ఉన్నాయి. మా బావ ఆపరేషన్ చేసిన సర్జను గారికి ఈ పోలిక చెబితే ఆయన నవ్వి, నరాల వెంట, లింఫు దారుల వెంట ముందే పోయిన కణాలు స్కాన్‌కు అందనంత చిన్నవిగా ఉంటాయనీ, కీమో ఇచ్చేది వాటి కోసమేననీ చెప్పారు. కోసేయగలిగిన దశలో దొరికేవారే నూటికి పదిహేను ఇరవై మంది. మీ బాపు ఆ కొద్దిమందిలో ఒకరు.

మూసీ_గట్టు
మరి కలుపును వెంటనే పీకాలని పైన అన్నది మీరే కదా. కనపడని తుంగను ఎక్కడని తవ్వుతారు?

కందిచేను
నా పోలికతో నన్నే కొట్టారు. ఆలోచిస్తాను.

పాలమూరు_ఐటీ
ఆపిల్ కంపెనీ స్థాపకుడు ఇదే జబ్బుతో ఎనిమిదేళ్లు బతికాడు. కాబట్టి ధైర్యంగా ఉండండి.

నైట్‌డ్యూటీ_సిస్టర్
స్టీవ్ జాబ్స్‌కు వచ్చింది ఇది కాదు. అది కూడా క్లోమంలోనే పుట్టింది, కానీ హార్మోన్లు తయారు చేసే కణాలలో పుట్టిన న్యూరోఎండోక్రైన్ గడ్డ. అది సాధారణంగా చాలా నెమ్మదిగా పెరుగుతుంది. ఆయనకు 2003లో తెలిసింది, 2004లో ఆపరేషన్ అయింది, 2009లో లివర్ మార్పిడి జరిగింది, 2011లో చనిపోయారు. రోగి బంధువులు ఆ ఎనిమిదేళ్ల లెక్క పట్టుకుని మా వార్డుకు వస్తుంటారు, వాళ్లకు తేడా చెప్పడం మాకు చాలా కష్టంగా ఉంటుంది.

దేవరకొండ_రోడ్డు
మా వైపు ఏ రోగం వచ్చినా ఫ్లోరైడు నీళ్లే కారణమంటారు. దీనికీ అదేనా?

మూసీ_గట్టు
ఫ్లోరైడు చేసేది పళ్లకు, ఎముకలకు. దీనికి తెలిసిన కారణాలు వేరు: బీడీ, చుట్ట, సిగరెట్, ఏళ్ల తరబడి ఉన్న క్లోమం వాపు, ఊబకాయం, షుగర్, కొన్ని కుటుంబాలలో వచ్చే జన్యు లోపాలు. ఏ అలవాటూ లేనివారికి కూడా వస్తుంది.

నైట్‌డ్యూటీ_సిస్టర్
జన్యు లోపాలంటే గుర్తుకొచ్చింది. బత్తాయితోట గారు, మీ ఇంట్లో రొమ్ము క్యాన్సర్ గానీ, అండాశయ క్యాన్సర్ గానీ ఎవరికైనా వచ్చిందా?

బత్తాయితోట
మా మేనత్తకు నలభై రెండేళ్లకే రొమ్ము క్యాన్సర్ వచ్చింది. దానికీ దీనికీ సంబంధం ఉంటుందా?

నైట్‌డ్యూటీ_సిస్టర్
ఉండవచ్చు. బీఆర్‌సీఏ అనే జన్యువులో లోపం ఉన్న కుటుంబాలలో ఈ రెండూ కనపడతాయి. కుటుంబంలో ఎవరికీ లేకపోయినా క్లోమం క్యాన్సర్ ఉన్న ప్రతి ఒక్కరికీ ఈ పరీక్ష చేయడం మంచిదంటారు, మీ ఇంట్లో అయితే తప్పకుండా అడగాలి. లోపం ఉంటే రెండు లాభాలు. ఆక్సాలిప్లాటిన్ లాంటి ప్లాటినం జాతి కీమో మందులు అటువంటివారికి బాగా పని చేస్తాయి. జబ్బు ఇతర అవయవాలకు పాకినప్పుడు, ఆ కీమోతో అది కుదుటపడి ఉంటే ఓలాపరిబ్ మాత్రలతో మరికొంత కాలం ఆపవచ్చని 2019లో తేలింది. అక్కడ జబ్బు పెరగకుండా ఉన్న కాలం 3.8 నెలల నుంచి 7.4 నెలలకు పెరిగింది. రెండవ లాభం మీకు, మీ అక్కచెల్లెళ్లకు. లోపం ఉందో లేదో తెలిస్తే ఎవరు ఎప్పటి నుంచి పరీక్షలు చేయించుకోవాలో తెలుస్తుంది.

పిల్లలమర్రి_నీడ
తమ్ముడూ, ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీ బాపుకు జబ్బు పేరు చెప్పారా?

బత్తాయితోట
లేదక్కా. గడ్డ ఉండె, తీసేసిండ్రు అని మాత్రమే చెప్పాము. కీమోను "బలానికి సెలైన్" అన్నాము.

కందిచేను
చెప్పవద్దు. మా బావకు చెప్పిన రోజు నుంచే తిండి మానేశాడు.

మూసీ_గట్టు
నేను చెప్పాలనే అంటాను. మా నాన్న భూమి కాగితాలు, అప్పుల లెక్కలు అన్నీ చక్కబెట్టుకున్నారు, అడిగినవారినల్లా పిలిచి మాట్లాడారు. దాచి ఉంటే మాకు ఇప్పటికీ రెండు కోర్టు కేసులు ఉండేవి.

పిల్లలమర్రి_నీడ
మేము దాచాము. ఆఖరికి అమ్మే ఒక రోజు "నాకు జెప్పకుంట మీరంత అలిసిపోయిన్రు" అంది. చెప్పాలా వద్దా అని మనం వాదించుకుంటున్నాము గానీ, ఎంత తెలుసుకోవాలని ఉందో ముందు ఆయననే అడగాలి. "రిపోర్టుల గురించి నీకు చెప్పాలా, నేను చూసుకోవాలా బాపూ" అని ఒక్క మాట అడిగి చూడండి.

బత్తాయితోట
అడిగాను. నిన్న సాయంత్రం తోటలో బత్తాయి చెట్ల కింద కూర్చుని ఉంటే పిల్లలమర్రి అక్క చెప్పిన మాటే అడిగాను. ఆయన లోపలికి పోయి ఎల్‌ఐసీ డైరీ తెచ్చి ఇచ్చారు. వెనక పేజీలలో, పాత డ్యూటీ చీటీలో గీసినట్టే స్కేలు పెట్టి గళ్లు గీశారు: తేదీ, బస్సు చార్జీ, బరువు, "సి.ఎ." అని ఒక గడి. మూడు అంకెలూ ఉన్నాయి. 138 చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టారు. నాకు నోట మాట రాలేదు. "ఆపరేషన్ అయినంక డాక్టర్లు నా మంచం కాడ నిలబడి రెండో స్టేజీ అనుకున్నరు. ముప్పై ఒక్క ఏండ్లు స్టేజీలు జెప్పి టికెట్లు గొట్టినోన్ని, స్టేజీ అంటే ఎరుక లేదా నాకు" అన్నారు. ఆ తరువాత బోరు స్టార్టర్ పాడైందని దాని గురించి మాట్లాడారు.

దేవరకొండ_రోడ్డు
చిల్లర మీద జోకులు వేసినందుకు బాపును క్షమించమని అడిగానని చెప్పండి.

బత్తాయితోట
చెప్పాను. "దేవరకొండోళ్లే చిల్లర తేకపోదురు" అన్నారు.
ఆ డైరీలో ఇంకో సంగతి చూశాను. ఆరు నెలల్లో బరువు 58 నుంచి 53కు దిగింది. ఇది జబ్బు తిరగబెట్టినందుకేనా?

నైట్‌డ్యూటీ_సిస్టర్
కావచ్చు, కాకపోవచ్చు. తిండి అరగడానికి ఇచ్చే క్లోమం మందు వేసుకుంటున్నారా? మలం జిడ్డుగా, నీళ్లపై తేలుతూ, వాసన ఎక్కువగా ఉంటోందా?

బత్తాయితోట
ఉంటోంది. క్రియాన్ 25000 అనే గొట్టం మాత్రలు ఇచ్చారు. గ్యాస్ మాత్రలాగా తిండికి అరగంట ముందు వేసుకుంటున్నారు.

నైట్‌డ్యూటీ_సిస్టర్
అందుకే పని చేయడం లేదు. అది ఖాళీ కడుపులో పేగు దాటిపోతే అన్నంలోని నూనెను అరిగించేది ఎవరు? మొదటి ముద్దతో ఒకటి మింగాలి, పెద్ద భోజనమైతే సగంలో ఇంకొకటి. పాలు తాగినా, బజ్జీలు తిన్నా వేసుకోవాలి, వట్టి టీకి, పండ్లకు సాధారణంగా అక్కరలేదు. నమలకూడదు, వేడి వేడి టీతో మింగకూడదు. మోతాదు చాలుతోందో లేదో మీ డాక్టరు గారిని అడగండి, చాలా మందికి తక్కువే రాస్తారు.

బత్తాయితోట
మూడు వారాలైంది. రెండు కిలోలు పెరిగారు. ముద్దకు ముందు టికెట్ తీసుకోవాలని చెబితే వెంటనే అర్థమైంది, ఇప్పుడు మా అమ్మను కూడా "టికెట్ దియ్యకుంట అన్నం బెట్టకు" అంటున్నారు. షుగర్ 180కి దిగింది.

పిల్లలమర్రి_నీడ
చదివి కడుపు నిండింది.

బత్తాయితోట
ఏడు వారాలకు మళ్లీ వెళ్లి వచ్చాము. అదే ల్యాబులో సీఏ 19-9 విలువ 311. సీటీ స్కాన్‌లో కుడి ఊపిరితిత్తిలో రెండు చిన్న గడ్డలు, పెద్దది పదకొండు మిల్లీమీటర్లు. లివర్‌లో, ఆపరేషన్ చేసిన చోట ఏమీ లేదు. బయాప్సీలో క్లోమానిదే అని వచ్చింది. తిరగబెట్టింది. బాపు పక్కనే కూర్చుని విన్నారు, డైరీలో రాసుకున్నారు. బీఆర్‌సీఏ పరీక్షకు రక్తం ఇచ్చాము, ఇంకా రాలేదు.

కందిచేను
ఆ రోజు నేను తొందరపడి రాశాను. మీరు ఆగిన ఏడు వారాలలో బరువు పెరిగింది, షుగర్ దిగింది, బాపుకు అన్నీ తెలిశాయి. కీమోకు ఇప్పుడు వెళ్లే మనిషి అప్పటి మనిషి కాదు. మా బావ విషయంలో మేము ఆగలేదు నిజానికి, పరుగెత్తాము. ఆగి చెడిపోయామని చెప్పుకోవడం తేలిక గనుక అలా చెబుతూ వచ్చాను.

నైట్‌డ్యూటీ_సిస్టర్
లివర్‌లో తిరగబెట్టినవారి కంటే ఊపిరితిత్తులలో మాత్రమే తిరగబెట్టినవారికి జబ్బు సాధారణంగా నెమ్మదిగా నడుస్తుంది. దీనిని హామీగా తీసుకోకండి. కీమో ముగిసి ఆరు నెలలు దాటింది కాబట్టి పాత మందులే మళ్లీ వాడవచ్చా, వేరేవా అని అడిగారా?

బత్తాయితోట
అడిగాను. వేళ్ల తిమ్మిర్లు ఇంకా పూర్తిగా పోలేదు కాబట్టి ఆక్సాలిప్లాటిన్ జోలికి ఇప్పుడే పోవద్దన్నారు. జెమ్‌సిటాబిన్, నాబ్ పాక్లిటాక్సెల్ కలిపి మూడు వారాలు వరుసగా వారానికి ఒకసారి, నాలుగో వారం సెలవు. రెండోదానితో కూడా తిమ్మిర్లు రావచ్చట, తగ్గించిన మోతాదుతో మొదలుపెడతామన్నారు.

పాలమూరు_ఐటీ
ఆ జంట మందులకు 2013లో వచ్చిన బతుకు లెక్క 8.5 నెలలు, జెమ్‌సిటాబిన్ ఒక్కదానికి 6.7 అని ఉంది.

మూసీ_గట్టు
అది మొదటిసారి తెలిసేసరికే లివర్‌కు, ఇతర చోట్లకు పాకినవారి లెక్క. రెండు చిన్న గడ్డలతో, ముందే ఆపరేషన్ అయినవారికి దానిని అతికించకండి. అడగని లెక్క చెప్పడం మానుకుంటే బాగుంటుంది.

పాలమూరు_ఐటీ
తప్పే. క్షమించండి.

బత్తాయితోట
పరవాలేదు. ఆ అంకె నేను ముందే చదివాను. బాపు అడగలేదు, నేను చెప్పలేదు.

పిల్లలమర్రి_నీడ
తమ్ముడూ, ఇంకొక్కటి. నొప్పి వచ్చేవరకు ఆగకుండా ఉపశమన చికిత్సవారిని ఇప్పుడే కలవండి. ఆ పేరు వింటే ఇక అయిపోయిందనుకుని మేము చివరి నెలలో వెళ్లాము. అమ్మకు వీపులోకి గుచ్చుకునే నొప్పి ఉండేది, నిద్ర కూర్చునే పోయేది. మార్ఫిన్ మాత్రలు మొదలుపెట్టాక రెండో రోజు పడుకుని నిద్రపోయింది. కడుపు వెనక నరాల గుంపుకు ఇంజెక్షన్ ఇచ్చి నొప్పి తగ్గించే పద్ధతి కూడా ఉందని మాకు అప్పుడు తెలిసింది. హైదరాబాదులో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఈ విభాగం ఉంది, జిల్లాలలోనూ ప్రభుత్వ కేంద్రాలు ఉన్నాయి. కీమో నడుస్తుండగానే వారి దగ్గరికి పోవచ్చు.

బత్తాయితోట
వచ్చే మంగళవారం మొదటి కీమోకు వెళ్తున్నాము కదా, అదే రోజు వారినీ కలుస్తాము. బాపు పొద్దున అయిదున్నర బస్సుకే పోదామంటున్నారు, డ్రైవరు వెనక రెండో వరుసలో కిటికీ సీటు కావాలట. పోయినసారి కీమోలో నోరు పూసి మూడు రోజులు ఏమీ తినలేదు. మీ ఇళ్లలో అప్పుడు ఏం పెట్టారు?

కందిచేను
చల్లారిన జొన్న గట్క, పలచటి మజ్జిగలో కలిపి. పచ్చిమిరపకాయ లేకుండా.

పిల్లలమర్రి_నీడ
మెత్తగా పిసికిన పెరుగన్నం. ఉప్పు, సోడా ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్లతో రోజుకు నాలుగైదు సార్లు పుక్కిలించమనండి. పెరుగన్నానికీ టికెట్ కావాలి, మర్చిపోకండి.